అలాగేనండి అనని రోజు

యుద్ధం నుంచి తిరిగివచ్చిన మనిషి మీ అరుగు మీద కూర్చుంటే మీరు అతనితో అన్న మొదటి మాట ఏమిటి? కాస్త గుర్తు తెచ్చుకోండి. "అక్కడ ఎంతమందిని చంపావేంటి?" అని అడిగి ఉంటారు. లేదా "అయిందేదో అయింది, మర్చిపో" అని ఉంటారు. ఈ రెండూ కాక మూడో మాట అన్నవారిని ఈ డెల్టాలో నేను పెద్దగా చూడలేదు.

మా చెల్లెలి భర్త కార్గిల్ కొండల మీద నుంచి దిగి, ఏడాది తిరక్కుండానే పింఛను మీద ఇంటికి వచ్చేశాడు. కొవ్వూరు దగ్గర పల్లె వాళ్ళది. వరి చేలు, కాస్త అరటి తోట. వచ్చిన కొత్తలో ఊరంతా శాలువాలు కప్పారు. ఒక మధ్యాహ్నం అతను అన్నం తింటుంటే నాలుగేళ్ల కూతురు వెనక నుంచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. అతనికి స్పృహ వచ్చేసరికి పిల్ల చెయ్యి అతని పిడికిట్లో మెలితిరిగి ఉంది. ఎముక విరగలేదు. కానీ ఆ సాయంత్రమే చాపా దుప్పటీ తీసుకుని పొలంలోని మోటారు షెడ్డుకి వెళ్ళిపోయాడు. అన్నం అక్కడికే పంపాలి. పిల్లను చూడాలనిపిస్తే గట్టు మీద నిలబడి దూరం నుంచే చూసేవాడు. అతను మళ్ళీ ఇంట్లో పడుకోవాలి. మా చెల్లెలికి కావలసింది అంతే.

అతని తల్లి గాలి సోకిందని నమ్మి ఒక మంత్రగాణ్ణి పిలిపించింది. అలాంటివాళ్ళ గుట్టు సభల్లో రట్టు చేయడమే పనిగా బతికిన నేను కబురు అందగానే బస్సెక్కాను. అప్పటికే చేతికి తాడు కట్టించేశారు.

"నువ్వెలా కట్టించుకున్నావు బావా?"

"అమ్మ అడిగిందండి. అలాగేనన్నానండి."

తరువాత నా వైద్యం మొదలుపెట్టాను. నా వైద్యం అంటే వాదన. జరిగిన సంగతి మా చెల్లెలు చెప్పింది. కార్గిల్‌లో ఒక పొద్దున నీళ్ళు తేవాల్సిన వంతు అతనిది. మంచుకి కాళ్ళు వాచిపోతే తోటివాడు డబ్బాలు అందుకుని వెళ్ళాడు. దారిలో ఫిరంగి షెల్లు పడి ఆ తోటివాడు పోయాడు. బావని గట్టు మీద కూర్చోబెట్టి అడిగాను. వంతు మార్చుకోవడం నేరమా? షెల్లు పేల్చింది నువ్వా? అది అక్కడే పడుతుందని ఎవరికైనా తెలుసా? అన్నిటికీ ఒప్పుకున్నాడు.

"నిజమేనండి బావగారూ."

"మరి ఇంటికి పద."

"అలాగేనండి. ఎండగా ఉంది, ముందు మీరు మజ్జిగ తాగి బయల్దేరండి."

గెలిచాను. గెలిచి, మనిషిని షెడ్డులోనే వదిలి వచ్చాను.

చివరికి రాజమండ్రిలో ఒక డాక్టరమ్మ ఉందని తెలిసి తీసుకువెళ్ళాం. గోదావరి రోడ్డు-రైలు వంతెన మీద బస్సు పోతుండగా కింది పట్టాల మీద రైలు వచ్చింది. రోడ్డు వణికింది. మాకది రోజూ ఉండే వణుకే. అతను మాత్రం తల ముందు సీటుకి ఆనించి, ఒడ్డు వచ్చేదాకా ఎత్తలేదు.

డాక్టరమ్మ మాకు రెండు దార్లు విడమరిచి చెప్పింది. ఒక దారిలో 'వాడు నావల్లే పోయాడు' అనే ఆలోచనను పట్టుకుని, దానికి ఆధారం ఏమిటని అతని చేతే పరీక్ష చేయిస్తారు. రెండో దారిలో ఆ పొద్దున జరిగింది మొదటి నుంచి చివరిదాకా, ఇప్పుడు జరుగుతున్నట్టే, మళ్ళీ మళ్ళీ చెప్పిస్తారు. అది అయిపోయిన సంగతని ఒంటికి తెలిసేదాకా చెప్పిస్తారు. భయపడి తప్పించుకునే చోట్లకి కొంచెం కొంచెంగా దగ్గర చేస్తారు. రెండూ మాటల వైద్యాలే, రెండూ పనిచేస్తాయి, ఎవరికి ఏది నప్పుతుందో చూడాలి అంది.

"మొదటిదే మంచిదండి, అది మా పద్ధతి" అన్నాను.

"పేషెంటు మీరు కాదు కదండి" అని నవ్వింది. కానీ అడిగితే మా బావ కూడా దానికే అలాగేనండి అన్నాడు.

కొన్ని వారాలకి డాక్టరమ్మ అతని ముందే నాతో అంది. "ఈయన అన్నిటికీ సరైన జవాబులే చెబుతున్నారు. ఇంటికి వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇచ్చినట్టు ఇస్తున్నారు. ఆయన కోసం ఒక్కటీ ఉంచుకోవడం లేదు. ఇందులో పద్ధతి తప్పేం లేదండి. దారి మారుద్దాం."

రెండో దారిలో మొదట పరిస్థితి ఇంకా దిగజారింది. డాక్టరు దగ్గరకి వెళ్ళొచ్చిన రోజు ముద్ద మింగేవాడు కాదు.

"పుండుని గోకుతున్నారు బాబూ. నా తాడే నయం" అంది అతని తల్లి.  ఆ మాటే నా మనసులోనూ తిరుగుతోంది. నాకు అప్పటికే ఓపిక అయిపోయింది.

మా చెల్లెలు మాత్రం గొంతు పెంచకుండా అంది. "తాడు కట్టినా షెడ్డులోనే ఉన్నారు అత్తయ్యగారూ. అన్నయ్య వాదించినా షెడ్డులోనే ఉన్నారు. దీన్ని సగంలో మాన్పించొద్దండి."

ఆగస్టు పదిహేనున అతన్ని బడిలో వేదిక మీద కూర్చోబెట్టారు. "మన విజయం గురించి పిల్లలకి ఒళ్ళు పులకరించేలా చెప్పండి" అన్నారు హెడ్మాస్టరుగారు. అలాగేనండి వస్తుందని మేమంతా చూస్తున్నాం. అతను లేచాడు.

"లేదండి. అది నేను చెప్పనండి. నీళ్ళకి వెళ్ళినవాడి గురించైతే చెబుతాను."

"పండగ పూట అదెందుకులెండి."

"అయితే కూర్చుంటానండి."

కూర్చున్నాడు. అతని తల్లి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ సంగతి విని డాక్టరమ్మ, "కాదనడం వచ్చింది కదా, ఇక మీ ప్రశ్నల దారి కూడా పట్టొచ్చండి" అంది. ఈసారి అతను ఆమెతోనూ వాదించాడట. ఆలోచన అతనిది కాబట్టి దాన్ని అతనే విప్పుకోవాలి. ఆ పని ఇన్నాళ్ళూ నేను అతని బదులు చేస్తూ వచ్చాను.

కోతలు అయ్యాక ఒక సాయంత్రం చాప తెచ్చి వరండాలో వేశాడు. పిల్లను ఎదురుగా నిలబెట్టుకుని, "అమ్మలూ, వెనక నుంచి రాకు. నాన్నా అని పిలిచి ముందు నుంచి రా" అన్నాడు. అది ఆ పిల్లకి ఆటైపోయింది. గేటు దగ్గర నుంచే నాన్నా అని అరుస్తూ వచ్చేది. కొంతకాలానికి చాప గదిలోకి చేరింది.

పూర్తిగా నయమైందా అని జనం అడుగుతారు. వాళ్ళకి మహిమలు కావాలి. చెప్పీ చెప్పీ విసిగిపోయాను. వంతెన మీద అతను ఇప్పటికీ సీటు కమ్మీ పట్టుకుంటాడు. ఇంట్లో నిద్రపోతాడు.

మీ ఊళ్ళో అలాంటి మనిషి ఉంటాడు. ఈ వారమే వెళ్ళండి. శాలువా తీసుకెళ్ళకండి, తాడు కట్టకండి, మర్చిపొమ్మనకండి, నాలా వాదించకండి. అలాగేనండి అంటే నమ్మి తిరిగి రాకండి. పక్కనే కూర్చుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, బయట బల్ల మీద కాచుకోండి. అతని పరిస్థితి దిగజారినట్టు కనిపించినా పై వారం మళ్ళీ బస్సెక్కించండి.