భోజనాల వేళ ఫోను

బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి, ఫోను. విరాళాలు అడగడానికి ఎవరైనా చేస్తే ఫోను పెట్టనిచ్చేవాడు కాదు. తను పెట్టకపోవడం వేరు, అవతలివాళ్ళని పెట్టనివ్వకపోవడం వేరు. అలాంటి ఫోను రాగానే లోకమంతా ఎలా వదిలించుకుందామా అని చూస్తుంది. బాబాయి దగ్గర మాత్రం అలా వదిలించుకోవాల్సిన అవసరం ఫోను చేసినవాళ్ళకే వచ్చేది.

రోజూ మధ్యాహ్నం పిన్ని రెండు కంచాలు పెట్టేది. ఫోను మోగేది. చెయ్యి కడుక్కోబోతున్న బాబాయి ఆగిపోయి, "మూత పెట్టవోయ్, ఇప్పుడే వస్తా" అంటూ ముందుగదిలోకి పరుగెత్తేవాడు. ఇప్పుడు పిన్ని ఒక్క కంచమే పెడుతోంది. ఫోను మోగుతూనే ఉంది. మోగి మోగి దానంతట అదే ఊరుకుంటోంది. ఎవరి కోసమూ మూత పెట్టాల్సిన పని లేదు. అయినా కంచంలోది చల్లారిపోతూనే ఉంది.

బాబాయి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. చూపు తగ్గి దుకాణం మూసేశాక, దుకాణంలోవన్నీ ఇంటి ముందుగదిలోకి వచ్చేశాయి. తిరగని చక్రాలు, అరిగిన బెల్టులు, నూనె డబ్బాలు, వాటి మధ్య స్టూలు మీద ఫోను. ఆ స్టూలు పక్కనే నేల మీద కూర్చునేవాడు.

"నమస్కారమండీ. మేము అనాథ పిల్లల కోసం..."

"నమస్కారం తల్లీ. డబ్బు మాట తరవాత. ముందిది చెప్పు, మీ ఇంట్లో గొడుగుందా?"

"ఆఁ... ఉందండీ."

"కర్ర గొడుగా? మడత గొడుగా?"

ఇక అయిపోయినట్టే. గొడుగు ఎలా కొనాలి, కొట్టువాడి ముందే విప్పి ఎందుకు చూడాలి, చువ్వలు ఎలా లెక్కపెట్టాలి, మడత గొడుగుని నమ్మి తను పెళ్ళిచూపులకి ఎలా తడిసి వెళ్ళాడు, తడిసిన మనిషిని చూసి జాలిపడి పిన్ని ఎలా ఒప్పుకుంది, అన్నీ వరసగా వచ్చేసేవి. మధ్యమధ్యలో ఒకటే హెచ్చరిక.

"ఊఁ కొట్టు తల్లీ, ఊఁ కొట్టు. లేకపోతే నాకు మాట నడవదు."

వంటింట్లో పిన్ని మూత పెట్టిన కంచాలకి కాపలా కూర్చునేది. ఒకరోజు పిల్లులు ఎక్కడ పడుకోవాలో ఎలా తేల్చుకుంటాయన్నది విషయం. ఇంకోరోజు బిగుసుకుపోయిన సీసా మూత. మరోరోజు బొత్తాం కన్నం గురించి మొదలుపెట్టాడు. అంత చిన్న కన్నంలోంచి అంత పెద్ద ఉపన్యాసం ఎలా వచ్చిందో పిన్నికి ఇప్పటికీ అంతుపట్టదు.

"వాళ్ళ బుర్ర తినేస్తున్నారు" అనేది పిన్ని, ఆయన వచ్చి కూర్చున్నాక.

"తిననీ. వాళ్ళు ఊరందరి బుర్రలూ తినడం లేదూ?"

ఆ మాటలో అబద్ధం లేదు. విరాళాలవాళ్ళ గోల అప్పటికి బాగా ముదిరిపోయింది. బ్యాంకు మెట్ల మీద డబ్బాలు గలగలలాడించేవాళ్ళు, బస్సు ఎక్కబోతుంటే చొక్కాకి కాగితం పువ్వు గుచ్చి చెయ్యి చాపేవాళ్ళు, కొట్టులో చిల్లర చేతికి రాకముందే "పుణ్యానికి వదిలేస్తారా?" అని నలుగురిలో గట్టిగా అడిగేవాళ్ళు. వద్దంటే మనిషి కాదన్నట్టు చూస్తారు. ఇస్తే మర్నాడు ఇంకొకణ్ణి వెంటబెట్టుకొస్తారు. నిజంగా ఇద్దామని మనసులో ఉన్నవాడికి కూడా ఆ చూపుతో చెయ్యి జేబులోనే బిగుసుకుపోతుంది.

పక్కింటి టీచరమ్మ కనిపెట్టిన ఉపాయం వేరు. అలాంటి ఫోను రాగానే రిసీవరు తీసుకెళ్ళి ప్రెషరు కుక్కరు పక్కన పెట్టేది. కూత వచ్చాక, "విన్నారుగా, మా ఇంట్లో పరిస్థితి ఇదీ" అని పెట్టేసేది.

పిన్ని తమ్ముడు ఇంకా ముందుకెళ్ళాడు. ఒక సెలవురోజు వచ్చి బావ పక్కన చతికిలబడి చెప్పాడు.

"వీళ్ళకి వద్దన్న మాట తలకెక్కదు బావా. అందుకే మొన్న నేను చచ్చిపోయానని చెప్పేశా."

"నువ్వే చెప్పావా?"

"గొంతు మార్చి చెప్పాలే."

"పాపం, ఏమన్నారు?"

"అయ్యో, అలాగా, అయితే వారి జ్ఞాపకార్థం ఎంత రాసుకోమంటారు, అన్నారు!"

బాబాయి నవ్వి నవ్వి నూనె డబ్బా తన్నేశాడు. "మరి రాయించావా? బతికుండగా ఎలాగూ ఎవరికీ ఏమీ చెయ్యలేదు, పోయాకైనా ఆ మాత్రం చెయ్యొద్దట్రా?"

"నువ్వు మాత్రం ఏం చేస్తున్నావు? పైసా ఇవ్వవు, పైగా వాళ్ళని పట్టుకుని హింసపెడతావు."

"నా దగ్గర ఉన్నదేగా పెట్టాలి" అన్నాడు బాబాయి. "మీకొచ్చే ఫోనులన్నీ నా మీదికి తోసెయ్యండి. నేను చూసుకుంటా."

అలాగే తోసేశారు. "మాకు కుదరదమ్మా, ఈ నంబరుకి చెయ్యండి, చాలా ధర్మాత్ముడు" అని వీధివీధంతా బాబాయి నంబరే చెప్పేది. బాబాయి పుణ్యమా అని అందరూ వేళకి భోంచేసేవారు, పిన్ని తప్ప.

పిన్ని నోట్లో నాలుక లేని మనిషి. పక్కింట్లో కరివేపాకు రెబ్బ అడగాలన్నా ముందు గుమ్మంలో రెండుసార్లు దగ్గేది. అలాంటి మనిషి ఒకరోజు మాత్రం ఉండబట్టలేక అనేసింది.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళతో అంతసేపు చెబుతారు. ఆ మాటలేవో నాతో చెప్పకూడదూ?"

బాబాయి తెల్లబోయాడు. "నీకెందుకోయ్? గొడుగు కొనడం నీకు తెలుసుగా!"

పిన్నికి నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది. రెండిట్లో ఏది ముందో తేల్చుకునేలోపు ఫోను మోగింది.

తరవాత ఒక తెల్లవారుజామున బాబాయి నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఎవరికీ ఒక్క మాటైనా చెప్పకుండా. అంత మాటలపోగు చెయ్యాల్సిన పని కాదది. ఆ ఒక్క విషయంలో పిన్ని ఆయన మీద ఇప్పటికీ అలిగే ఉంది.

పలకరింపులకి వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం ఫోను మోగుతుంటే పిన్ని తీసింది. అవతల కంచు గొంతు మగమనిషి.

"సార్ ఉన్నారా మేడం?"

"లేరు."

"ఎప్పుడొస్తారు?"

"రారు. పోయారు."

అవతలివాడు ఊపిరి తీసుకోవడానికి పట్టినంతసేపు ఆగాడు. "చాలా విచారకరం మేడం. అలాంటి మహానుభావుడి జ్ఞాపకార్థం ఒక చిన్న మొత్తం..."

తమ్ముడు చెప్పింది కోత అనుకుంది ఇన్నాళ్ళూ. పిన్ని రిసీవరు తీసుకెళ్ళి పాత బెల్టుల పెట్టెలో పడేసి వెళ్ళిపోయింది. ఆ గొంతు చాలాసేపు బెల్టులకి దయ గురించి చెప్పింది.

ఆ తరవాత ఫోను తియ్యలేదు. తమ్ముడు వచ్చినప్పుడు చెప్పింది. "ఈ ఫోను తీయించెయ్యరా."

ఇన్నాళ్ళూ ఆ ఫోనుని తిట్టినవాడే ఇప్పుడు నసిగాడు. "ఇంట్లో చప్పుడు చేసేది అదొక్కటే కదక్కా. అదీ లేకపోతే నువ్వు అసలు నోరు విప్పుతావా?"

"ఇప్పుడు విప్పి ఎవరికేం చెప్పాలి?"

"మరి ఆలోచించుకో. ఒకసారి తీస్తే మళ్ళీ ఆ నంబరు రాదు."

"రాకపోతే పీడా పోయింది" అంది పిన్ని. అని, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

లైన్‌మన్ వస్తానన్న రోజు పిన్ని పొద్దుటి నుంచీ ఊరికే కూర్చోలేదు. ఫోను మీద దుమ్ము తుడిచింది. పోయేదానికి తుడవడమెందుకని ఆగి, మళ్ళీ తుడిచింది. దుప్పట్లు ఉతికి, పిండి, బకెట్లో వేసి పెరట్లో పెట్టింది. ఆరేద్దామని తాడు దగ్గరికి వెళుతుంటే ఫోను మోగింది.

ఆఖరిరోజు కదా, కడిగిపారేద్దామని గబగబా వచ్చి తీసింది.

"ఇదిగో, ఇక ఈ నంబరుకి..."

"అమ్మయ్య, తీశారా!" ఎవరో అమ్మాయి, గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "బాబాయిగారు ఊరెళ్ళారాండీ? ఇన్నాళ్ళూ ఎవరూ తియ్యకపోతే మా వరసంతా బెంగపెట్టుకున్నాం."

"మీ వరసేమిటి?"

"మా ఆఫీసులో కిటికీ వైపు కూర్చునే వరసండీ. మీరు పిన్నిగారా? గొడుగు లేని ఆయన్ని పెళ్ళాడిన..."

కడిగిపారేద్దామనుకున్న మాటలు పిన్నికి గుర్తు రాలేదు. "ఆయన మీకెందుకు? పైసా ఇచ్చేవారు కాదుగా."

"ఇవ్వలేదండీ. ఎప్పుడూ ఇవ్వలేదు." ఆ అమ్మాయి కాస్త నవ్వింది. "మాకు పొద్దుటి నుంచీ ఒక్కరైనా ఇస్తామంటేనే భోజనానికి లేవనిస్తారు. లేకపోతే కూర్చునే ఉండాలి. చెవికి ఫోను లేకుండా కనబడితే సూపర్‌వైజరు వచ్చి నెత్తి మీద నిలబడుతుంది. ఒకరోజు బాబాయిగారితో మాట్లాడుతుంటే నా కడుపులో పేగులు అరిచాయండీ. అది ఆయనకి వినబడిపోయింది. తినలేదా తల్లీ అన్నారు. సంగతి చెప్పాను."

"చెబితే?"

"డబ్బా ఒళ్ళో పెట్టుకో. మాటలు నేను చూసుకుంటా, నువ్వు ఊఁ కొడుతూ తినెయ్ అన్నారు. నేను పక్కమ్మాయికి చెప్పా, ఆవిడ ఇంకొకావిడకి చెప్పింది. ఏ రోజు మాలో ఎవరికి విరాళం దొరక్కపోతే వాళ్ళం మీ నంబరుకి చేసేవాళ్ళం. వంతులేసుకుని."

పిన్ని స్టూలు పక్కన నేల మీద కూలబడింది. మూత పెట్టిన కంచాల ముందు తను కాపలా కూర్చున్న మధ్యాహ్నాలన్నిట్లోనూ, ఊళ్ళో ఎక్కడో ఎవరో ఒకరు కడుపునిండా తిన్నారన్నమాట. ఈ మనిషి ఒక్కనాడైనా చెప్పాడా! చెబితే తను పెందలాడే వడ్డించేది కాదూ? మాటలపోగు అని పేరే గాని, చెప్పాల్సిన మాట ఒక్కటీ చెప్పలేదు.

"పిన్నిగారూ? బాబాయిగారిని ఒకసారి పిలుస్తారా?"

"ఆయన లేరమ్మా" అంది పిన్ని. "పోయారు."

పిన్ని రిసీవరు గట్టిగా పట్టుకుంది, జ్ఞాపకార్థం అన్న మాట వస్తుందేమోనని. రాలేదు. చెంచా డబ్బాలో పెట్టిన చప్పుడు మాత్రం వచ్చింది.

"క్షమించండి" అంది ఆ అమ్మాయి చివరికి. "ఉంటానండీ."

"ఆగు. ఇవాళ ఎవరైనా ఇస్తామన్నారా?"

"లేదండీ."

"డబ్బా విప్పావా?"

"విప్పానండీ. ఫరవాలేదు, నేను తరవాత..."

"విప్పినదాన్ని మూయకు. తిను."

అనేసింది గాని, తరవాత ఏం మాట్లాడాలో పిన్నికి తోచలేదు. గొడుగుల గురించి ఆయన చెప్పేశాడు. పిల్లుల సంగతి తనకి తెలియదు. అవతల ఎవరివో చెప్పుల చప్పుడు దగ్గరికి వస్తోంది. ఆ అమ్మాయి గాభరాగా "ఊఁ... ఊఁ..." అంటోంది, ఇంకా ఏమీ చెప్పకుండానే.

పిన్ని గొంతు సవరించుకుంది.

"మీ బాబాయి ఊళ్ళో మిషన్లన్నీ బాగుచేశారా? మరి ఇంట్లో నా మిషను? పెళ్ళైన కొత్తలో విప్పారు. రేపు బిగిస్తానన్నారు. దాని చక్రం ఒక మూల, పెడలు ఒక మూల. ఇంటికి ఎవరైనా వస్తే ఆ పెడలు మీద కూర్చోమనేవారు. మా తమ్ముడి పెళ్ళికి నేను జాకెట్లు పరాయి దర్జీ దగ్గర కుట్టించుకున్నాను, కుట్టుమిషన్లాయన పెళ్ళాన్ని! ఆ దర్జీ ఏమన్నాడో తెలుసా? తింటున్నావా?"

"ఊఁ" అంది ఆ అమ్మాయి. ఈసారి నోరు నిండుగా ఉంది.

దర్జీ ఏమన్నాడో పిన్ని చెప్పింది. దానికి బాబాయి ఏమన్నాడో చెప్పింది. అలా అన్నందుకు తను మూడు రోజులు మాట్లాడకపోతే, ఆ సంగతి ఆయన నాలుగోరోజుకి గాని కనిపెట్టలేదని చెప్పింది. అవతల పొలమారింది. "నీళ్ళు తాగు, నీళ్ళు తాగు" అని పిన్ని గట్టిగా కేకేసింది. ఆ ఇంట్లో ఆవిడ గొంతు అంత పైకి లేవడం ఎన్నడూ ఎరగని టీచరమ్మ, గోడ మీంచి తల పెట్టి చూసింది.

గుమ్మం దగ్గర లైన్‌మన్ సంచీ పట్టుకుని నిలబడ్డాడు. "ఫోను తీయమన్నారంటండీ."

"కాస్త ఆగు నాయనా, ఫోనులో ఉన్నాను."

"ఆ ఫోనేనండీ తీయాల్సింది."

"దీన్నా? ఎవరు చెప్పారు?" అంది పిన్ని, రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టి. "మా తమ్ముడా? వాడి మాటలకేంలే, వాడు ఒకసారి చచ్చిపోయానని కూడా చెప్పాడు. నువ్వు వెళ్ళిరా నాయనా."

పెరట్లో ఎండ గోడవైపు జరిగిపోతోంది. తాడు ఖాళీగా ఊగుతోంది, దుప్పట్లు బకెట్లోనే ఉన్నాయి. ఇంకాసేపటికి నీడ వచ్చేస్తే ఇవాళ్టికి ఆరవు. పిన్ని అటు ఒకసారి చూసి, కాళ్ళు చాపుకుని, రిసీవరు రెండో చెవికి మార్చుకుంది.