జడ లాగే సైగ

మరమగ్గాల షెడ్డులో ఆమెను నోటితో పిలవరు. భుజం మీది నుంచి లేని జడను లాగినట్టు పిడికిలి కిందికి దించితే ఆమె తల తిప్పుతుంది. ఆ రొదలో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు. అందుకే పోగు తెగిందనీ, నూలు అయిపోయిందనీ చేతులతో చెప్పడం ఆమే అందరికీ నేర్పింది. వాళ్లు తమవీ చేర్చారు. బుగ్గలు పూరిస్తే మేస్త్రి వస్తున్నట్టు.

"ఉన్నవి నాలుగు వెంట్రుకలు, పేరు మాత్రం వాలుజడ! అదృష్టమంటే నీదేనక్కా," అంటుంది టీ దగ్గర, నూలు కండెలు చుట్టే ఆవిడ.

"నోరు మూసుకుని తాగవే," అంటుంది ఆమె, నవ్వకుండా.

ఆ సైగ ఆమెది కాదు. చెవులు వినపడని తమ్ముడు పసితనంలో ఆమె జడ లాగి పిలిచేవాడు. దూరంగా ఉంటే గాలిలోనే లాగేవాడు. భాష పుట్టడమంటే బహుశా అంతే: చేతికందని మనిషిని అందుకోబోవడం. అలాంటివి ఇద్దరూ ఎన్నో కల్పించుకున్నారు. ఆ తర్వాత బడి పంతులు, "చేతులాడినంత కాలం వాడికి మాట రాదమ్మా," అన్నాడు. తల్లి పనికి పోయేది కనుక ఆ కాపలా అక్క మీద పడింది. చెయ్యి లేస్తే కొట్టింది. చేతులు తొడల కింద పెట్టించి కూర్చోబెట్టింది. వాడు "అక్కా" అనడం నేర్చాడు. అది తప్ప ఆమెతో ఏమీ చెప్పుకోవడం మానేశాడు.

నడివయసులో, చేస్తున్న పని పోయి, తమ్ముడు ఈ షెడ్డుకే వచ్చాడు. తన దగ్గర లాక్కున్నదాన్ని ఇంతమందికి పంచిపెట్టిందని వాడికి తెలిసిపోతుంది.

మొదటిరోజే వాడి మగ్గం మీద పోగు తెగింది. చుట్టూ అన్ని చేతులూ మాట్లాడుతున్నాయి. వాడు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె వైపు తిరిగి నోరు తెరిచాడు. శబ్దం వినపడలేదు. పెదాలు కనిపించాయి: అక్కా.

ఎంత బాగా నేర్పింది!

ఆమె తన మగ్గం ఆపి వాడి ముందు నిలబడి, పిడికిలిని గడ్డం కింద ఆనించింది. తప్పు చేశానని చెప్పడానికి వాళ్ల చిన్నప్పటి సైగ అది. వాడు చేతులు ముందుకు తెచ్చి, ఆమె బొటనవేలిని పట్టి పిడికిలి లోపలికి నెట్టాడు. ఆ సైగలో బొటనవేలు లోపలే ఉండాలి, ఆమె మరిచింది. మళ్లీ చేతులు వెనక్కి పోయాయి. క్షమించానని చెప్పే సైగ వాళ్లెప్పుడూ కల్పించుకోలేదు.

అంతలో దూరం నుంచి కండెల ఆవిడ బుగ్గలు పూరించింది. అది వాడికి తెలియని సైగ. అక్క పిడికిలి ఇంకా దించలేదు. వాడి వీపు వెనక నుంచి ఒక చెయ్యి నెమ్మదిగా ముందుకొచ్చి, అరచెయ్యి వెల్లకిలా తిప్పి అడిగింది: ఏమిటది?