ఫ్రిజ్ మోటారు గాలి

పదహారేళ్లుగా ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతున్నాను. డ్యూటీ లేని వేళల్లో అదే డంపర్‌ను ప్లాస్టిక్ షీటు కోసి జానెడు బొమ్మగా చేస్తాను. మాతో పనిచేసినవాళ్లు రిటైరయితే శాలువాతో పాటు నా బొమ్మ ఒకటి ఇవ్వడం మా షిఫ్టులో అలవాటైంది.

బ్రష్షుతో రంగు వేస్తే గీతలు కనిపిస్తున్నాయని పెన్నులా ఉండే చిన్న స్ప్రే కొన్నాను. దాన్ని ఎయిర్‌బ్రష్ అంటారు. దానికి గాలి కావాలి. ముందు గాలి నింపిన డబ్బాలు తెప్పించాను. సగం బొమ్మ కాకముందే డబ్బా మంచుగడ్డలా చల్లబడి ఒత్తిడి పడిపోయేది. తర్వాత లారీ ట్యూబులో పంక్చర్ షాపు గాలి కొట్టించుకుని స్కూటర్ మీద తెచ్చుకున్నాను. శబ్దం లేదు గానీ పది నిమిషాలకే అయిపోయేది. చివరికి పంక్చర్ షాపులో ఉండేలాంటి గాలి కొట్టే కంప్రెసరే ఒకటి అడిగి తెచ్చాను. స్విచ్ వేయగానే గోడ అవతల నైట్‌షిఫ్టు చేసొచ్చి పడుకున్న కాక లేచి వచ్చి తలుపు కొట్టాడు. అదే రోజు తిరిగి ఇచ్చేశాను.

అప్పుడే, తర్వాత నేను అన్న అని పిలుచుకున్న మెకానిక్ మా ఇంటికి ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చాడు. మార్కెట్ వెనక సందులో ఆయన షాపు. షోకేసులో డంపర్ బొమ్మ చూసి, వచ్చిన పని మరిచి దాని ముందే కూర్చుండిపోయాడు. నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్లింట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, నాతో మాత్రం అచ్చం మా ఊరి తెలుగు. గాలి కోసం నేను పడుతున్న తిప్పలు విని నవ్వాడు.

"ఫ్రిజ్ రోజంతా నడుస్తది. ఎవలన్న నిద్రల నుంచి లేస్తున్నరా తమ్మీ? గా మోటారే నీకు గాలి ఇస్తది. నేను చేసిస్త. ఫికర్ చెయ్యకు."

రెండు వారాలు కష్టపడ్డాడు. పాత ఫ్రిజ్ మోటారుకు లారీ బ్రేకుల గాలి ట్యాంకు బిగించాడు. ఒత్తిడి చూపే మీటరు పెట్టాడు. గాలిలోని తేమ దిగేందుకు చిన్న గాజు గిన్నె తగిలించాడు.

"పని అయినంక రోజూ కింది మర తిప్పి నీళ్లు వదలాలె. మర్వకు" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా అది పిల్లిలా గురగురమంటూ నడిచింది. పక్కింటి కాక నిద్ర చెడలేదు. డ్యూటీ దిగి చాలా సాయంత్రాలు అన్న షాపులోనే కూర్చునేవాణ్ని. గిన్నెలో చుక్క నీరు కనబడక మర తిప్పడం మానేశాను.

వానలు పడ్డాక మా షిఫ్టు ఫోర్‌మన్ రిటైర్మెంటు వచ్చింది. ముందు రోజు పసుపు రంగు చివరి పూత వేస్తుంటే స్ప్రే చిమ్మింది. డంపర్ తొట్టి నిండా గుంటలు, మచ్చలు. మోటారులోంచి నూనె వస్తోందనుకున్నాను. కోపం ఆగలేదు. దాన్ని ఆటోలో వేసుకుని షాపుకెళ్లి, షాపుకొచ్చిన గిరాకీల ముందే దింపాను.

"పాత సామాను అతుకులేసి ఇచ్చినవ్. నా పనంత ఖరాబైంది. ఉంచుకో నీ మోటారు" అన్నాను.

అన్న ముఖం చిన్నబోయింది. "జర కూసో తమ్మీ, చూస్త" అన్నాడు. నేను కూర్చోలేదు.

చప్పుడు చేయని చిన్న కంప్రెసర్ కొత్తది తెప్పించాను. ఆ సందు వైపు వెళ్లడం మానేశాను. మూడో వారం కొత్తది కూడా అలాగే చిమ్మింది. దానికీ ఉన్న తేమ గిన్నె చూస్తే సగానికి నీళ్లున్నాయి. మర తిప్పితే మామూలు నీళ్లే కారాయి. నూనె చుక్క లేదు. రోజూ నీళ్లు వదలమని అన్న చెప్పింది గుర్తొచ్చింది. తప్పు మోటారుదీ కాదు, అన్నదీ కాదు.

ఆ సాయంత్రమే వెళ్లి ఉండాల్సింది. సిగ్గేసింది. ఆదివారం పోదామనుకున్నాను. ఆదివారం వచ్చింది, పోయింది. అలా నాలుగు ఆదివారాలు.

ఒక రోజు ఫస్ట్‌షిఫ్టు దిగి లాకరులోంచి ఫోను తీస్తే అన్న నంబరు నుంచి ఏడు మిస్డ్‌కాల్స్. తనే పిలిచాడని నా ప్రాణం లేచొచ్చింది. మాటలు వెతుక్కుంటూ తిరిగి చేశాను. ఎత్తింది మంచిర్యాలలో ఉద్యోగం చేసే ఆయన కొడుకు.

"పొద్దున అబ్బాకు గుండెల నొప్పి వచ్చింది. దవాఖానకు తీస్కపోయేలోపే... మధ్యాహ్నం జోహర్ నమాజ్ అయినంక మట్టి చేసినం అంకుల్. మీకు శాన సార్లు చేసిన."

బొగ్గు దుమ్ముతోనే వాళ్లింటికి పరుగెత్తాను. మగవాళ్లు కబరస్తాన్ నుంచి తిరిగొచ్చేశారు.

నలభై రోజులు దాటాక మళ్లీ వెళ్లాను. షాపు ఖాళీ చేసి సామానంతా తుక్కుకు ఇచ్చేశారట. వదినె చాయ్ తెచ్చింది. ఎలాగోలా నోరు తెరిచి, గిరాకీల ముందు అన్నను ఏమన్నానో చెప్పాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"మాకేం చెప్పలే. తమ్మీ ఎందుకొస్తలేడని నేనే అడిగిన. 'వానికి డ్యూటీలు ఎక్కువైనయ్, తీరినంక వస్తడు' అన్నడు."

నా చేతిలో చాయ్ అలాగే చల్లారింది. లేస్తుంటే ఆమె, "వస్తుండు తమ్మీ" అంది.

వస్తానన్నాను. ఇప్పటికి ఏడాదైంది. వాళ్ల సందు మొదటిదాకా రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చాను.