పిల్లలు చూడదగిన సినిమా

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు ముడుచుకుపోతుంది గానీ, అప్పట్లో కొత్తగా బీఎడ్ పాసై, పొద్దున్నే వికారాబాదులో రైలెక్కి తాండూరులో దిగి, ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పడానికి వెళ్తున్న నన్ను ఎవరైనా "పిల్లల మనసు ఎలా ఉంటుంది?" అని అడిగితే చాలు, ధారూరు దాటేదాకా ఆపకుండా చెప్పేదాన్ని. (నిజానికి ఎవరూ అడిగేవాళ్లు కాదు, నేనే చెప్పేదాన్ని. నాతో రోజూ వచ్చే లెక్కల టీచరు కొన్నాళ్లకు వేరే పెట్టెలో ఎక్కడం మొదలుపెట్టింది.) పిల్లల మనస్తత్వం పేపర్లో నాకు మంచి మార్కులొచ్చాయి. ఇక పిల్లలతో పరిచయం అంటారా, మా అన్న కొడుకును ఎత్తుకోవడం, వాడు ఏడవడం, మా వదిన వచ్చి తీసుకెళ్లడం, అంతవరకే.

మా బడి పెద్దసారు మంచివాడు, భయస్తుడు. ఎండ ఎక్కువైనా, వాన పడినా పిల్లల తల్లిదండ్రులు తననే అడుగుతారని నమ్మేవాడు. పిల్లల పండుగ దగ్గరికొస్తుండగా ఒకరోజు నన్ను పిలిచి, "మేడం, ఈసారి ఆటలపోటీలు గాకుండ పిల్లలకు ఒక సిన్మా చూపెడదామనుకుంటున్న. అంతరిక్షం సిన్మా. తెలుగుల డబ్బింగ్ అయింది. సాహసం ఉన్నదట, సైన్సు ఉన్నదట. కానీ పిల్లలు దడుసుకుంటే వాళ్ల అమ్మనాయనలు నా మీదికొస్తరు. జర మీరు ముందు చూసి, మన పిల్లలకు పనికొస్తదా లేదా చెప్పుండ్రి" అన్నాడు. "మీరేం ఫికర్ చెయ్యకుండ్రి సార్, నేను చూసుకుంట గద" అన్నాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? సాహస చిత్రాలు చూసిన పిల్లలు గోడలెక్కి దూకుతారనీ, సైన్సు కల్పనలు చూసిన పిల్లలకు నిజమేదో అబద్ధమేదో తెలియకుండా పోతుందనీ, ఏ వయసుకు ఎంత భయం తగునో కొలిచి ఇవ్వాల్సిన బాధ్యత మన మీదే ఉందనీ నిలబడే ఉపన్యాసమిచ్చాను. ఆ సాయంత్రానికి స్టాఫ్ రూములో నా పేరు 'సెన్సార్ మేడం' అయింది. నేను దాన్ని బిరుదనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మా అన్న లాప్‌టాప్ ముందేసుకుని సినిమా పెట్టాను. పక్కన మా నాయినమ్మ కూర్చుంది. ఆమెది బంట్వారం దగ్గరి ఊరు. గొర్ల వెంట అడవుల్లో తిరిగిన మనిషి, తోడేలును కర్రతో కొట్టి తరిమానని చెప్పేది. సినిమాలో ఒక చిన్నపిల్ల తండ్రితో కలిసి ఏదో గ్రహం మీదికి పోతుంది. అక్కడ తండ్రి తప్పిపోతాడు, పిల్ల ఒక్కతే వెతుక్కుంటూ తిరుగుతుంది. రాకెట్టు ఎగరగానే నాయినమ్మ, "గంత దూరం పోతుండ్రు గదనే, తాగనీకె నీళ్లు పెట్టుకున్నరా?" అంది. పెట్టుకున్నారన్నాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. కాసేపటికి పిల్ల ఒక బండల సందులో పడిపోయింది. డప్పుల్లాంటి శబ్దం మొదలైంది. ఒళ్లంతా బొచ్చుతో, ఇంటంత ఎత్తున్న జంతువొకటి గుట్ట వెనకనుంచి లేచింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"పోయిందా నాయినమ్మా?"

"యాడికి పోతదే? వస్తుంది."

"ఇప్పుడేం చేస్తుంది?"

"పిల్లను పట్టుకుంది."

ఇక నేను చెవులు కూడా మూసుకున్నాను. డప్పులు ఆగాయని నాయినమ్మ నా భుజం తట్టి చెప్పాకే కళ్లు తెరిచాను. అప్పటికి పిల్ల ఎక్కడో దూరంగా నడుస్తూ ఉంది. ఎలా బతికిందో నాకు తెలియదు, అడగలేదు కూడా. సినిమా అయ్యాక నాయినమ్మ, "మంచిగున్నది. పాపం గా జీవానికి ఎవ్వరు లేరు" అంది. ముసలామెకు చూపు ఆనక ఏదో అంటోందనుకున్నాను. మర్నాడు పెద్దసారుతో, "సినిమా చూపెట్టొచ్చు సార్, కానీ ఒక్క సీను పిల్లలకు తగదు. అది నేను రానియ్యను" అని తీర్పు చెప్పాను. (చూడని సీను గురించి అంత గట్టిగా చెప్పడం నాకిప్పుడు చేతకాదు.)

చిక్కల్లా కంప్యూటర్ సారు దగ్గర వచ్చింది. బడిలో ఉన్నది పాత లాప్‌టాపు, అంతకంటే పాత ప్రొజెక్టరు. "మేడం, ఒక్కసారి నడిస్తే నడవనియ్యాలె. మధ్యల ముందుకు జరిపిండ్రనుకో, గిది ఆగిపోతది. మళ్ల లేవదు" అని ఆయన చేతులెత్తేశాడు. అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. డప్పులు మొదలవగానే ప్రొజెక్టరుకు చెయ్యి అడ్డం పెడతాను. డప్పులు ఆగగానే తీసేస్తాను. శబ్దం మాత్రమే వినిపిస్తే పిల్లలకేం కాదు.

పండుగ రోజు హాలు కిటికీలకు కార్పెట్లు కట్టి చీకటి చేశారు. చిన్న తరగతుల పిల్లలంతా చల్లటి నాపరాళ్ల మీద వరుసగా కూర్చున్నారు. నేను వాళ్ల వెనక ప్రొజెక్టరు బల్ల పక్కన నిలబడ్డాను. మిగతా టీచర్లు బయట వరండాలో బిస్కెట్ ప్యాకెట్లు సర్దుతున్నారు. పిల్ల సందులో పడింది. డప్పులు మొదలయ్యాయి. నేను చెయ్యి అడ్డం పెట్టాను. దీపం వేడికి భయపడి కొంచెం ఎడంగానే పెట్టాననుకోండి. పెట్టి, అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నాను. హాలంతా ఒక్కసారిగా పిల్లల కేకలు. కొందరు ఏడుపందుకున్నారు. 'చూశావా, ఏమీ కనిపించకపోతేనే ఇలా ఉంటే, కనిపిస్తే ఏమయ్యేవాళ్లో' అనుకుని, చెయ్యి తీయకుండా, డప్పులు ఆగేదాకా అలాగే నిలబడ్డాను. ఒక తరాన్ని కాపాడినంత తృప్తిగా ఆ సాయంత్రం ఇంటికెళ్లాను.

తర్వాతి రోజు నా తరగతిలో చాలామంది రాలేదు. వచ్చినవాళ్లు ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నట్టు కూర్చున్నారు. మా తరగతిలో జుట్టంతా ఉంగరాలు తిరిగిన ఒక పిల్ల ఉండేది, ఆమెను అందరం రింగుల పిల్ల అనేవాళ్లం. చురుకైంది, బడి అంటే ప్రాణం. ఆ పిల్ల వరసగా కొన్నాళ్లు రాకపోయేసరికి కబురు పంపాం. తల్లీ తండ్రీ పిల్లను వెంటబెట్టుకుని పెద్దసారు గదికి వచ్చారు. తండ్రి బండల పాలిష్ యూనిట్‌లో పని చేస్తాడు, పనిలోంచి అలాగే వచ్చినట్టున్నాడు, చేతులూ కనుబొమ్మలూ రాతిపిండితో తెల్లగా ఉన్నాయి. తల్లిది కర్ణాటక వైపు ఊరు, మాటలో కన్నడం కలుస్తుంది. పిల్ల నన్ను చూడగానే తల్లి వెనక దాక్కుంది.

"ఏం సిన్మా చూపెట్టిండ్రు సార్?" అన్నాడు తండ్రి, మెల్లగానే. "పిల్ల బడికి పోనంటుంది. నిద్రల ఉలిక్కిపడి లేస్తుంది. ఏందంటే కై బంతు, కై బంతు అంటుంది. గట్లయితే బడి మాన్పించి మా అత్తగారూరు పంపుత."

పెద్దసారు ముఖం పాలిపోయింది. నా వైపు చూశాడు. "బంతి ఏంది మేడం? సిన్మాల బంతి ఉన్నదా?"

"లేదు సార్. బంతి లేదు, బ్యాటు లేదు" అన్నాను నేను ధీమాగా. అంతటితో ఊరుకోలేదు. ఆ తల్లిదండ్రుల వైపు తిరిగి, ఈ భయాలు బడిలో పుట్టవని, ఇంట్లో పుడతాయని, రాత్రింబవళ్లు పిల్లల చేతికి ఫోన్లిచ్చి దయ్యాల వీడియోలు చూడనిచ్చి, తర్వాత టీచర్లను అంటే ఎలాగని, సినిమాను నేను స్వయంగా పరీక్షించానని, పిల్లల మనస్తత్వం నాకు తెలుసని చెప్పాను. తండ్రి అంతా విన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. బటన్ల ఫోన్. అంకెలు చెరిగిపోయి ఉన్నాయి.

"మా ఇంట్ల ఉన్నది గిదొక్కటే మేడం" అన్నాడు.

తల్లి ఒక అడుగు ముందుకొచ్చింది. తన అరచేయి నా ముఖం ముందు చాపి, "కై అంటే చెయ్యి మేడం. కై బంతు అంటే చెయ్యి వచ్చింది అని. పెద్ద చెయ్యి వచ్చి గా సిన్మాల పిల్లను మింగిందట" అంది.

సినిమాలో చెయ్యి లేదని ఒట్టేశాను. పెద్దసారు ఇక నన్ను నమ్మే స్థితిలో లేడు. "శనివారం పొద్దుగూకినంక మళ్ల పెడదాం. అమ్మనాయనలు రండ్రి, నేను సుత కూసుంట. చెయ్యి ఉన్నదో లేదో అందరం చూద్దాం. ఉంటే తప్పు మాదే" అన్నాడు. మధ్యలో నా ఉద్యోగం ఉందని ఆయన అనలేదు గానీ, అందరికీ అర్థమైంది.

శనివారం హాలు నిండింది. పాలిష్ యూనిట్ల నుంచి, కందుల మండీ నుంచి పనులు మానుకుని వచ్చారు జనం. ఈసారి నన్ను పెద్దసారు ముందు వరుసలో తన పక్కనే కూర్చోబెట్టాడు, కళ్లు మూసుకోవడానికి వీల్లేకుండా. రింగుల పిల్ల తల్లి ఒళ్లో ముఖం దాచుకుని ఉంది. డప్పులు మొదలయ్యాయి. గుట్ట వెనకనుంచి ఆ బొచ్చు జంతువు లేచింది. నేను కుర్చీ అంచు పట్టుకుని మొదటిసారి ఆ సీను చూశాను. అది వంగి, బండల సందులోంచి పిల్లను పైకి తీసింది. పగిలే వస్తువును పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎత్తుగా ఉన్న రాతి మీద కూర్చోబెట్టి, తన బొచ్చుతోనే పిల్ల ముఖాన ఉన్న దుమ్ము తుడిచింది. తండ్రి పోయిన వైపు దారి చూపించి వెళ్లిపోయింది. అంతే. సినిమా మొత్తంలో పిల్లలు చూడాల్సిన సీను ఏదైనా ఉందంటే అదొక్కటే. పిల్ల పడిపోవడం వాళ్లకు చూపించి, డప్పులు వినిపించి, కాపాడిన సంగతి మాత్రం నేను దాచిపెట్టాను.

వెనక ఆడవాళ్లు "అయ్యో పాపం" అంటున్నారు. రింగుల పిల్ల మెల్లగా తలెత్తింది. తెర వైపు చూసింది, వెనక్కి తిరిగి ప్రొజెక్టరు బల్ల వైపు చూసింది. హాలంతా వినబడేలా, "చెయ్యి రాలే. మేడం ఆడ నిలవడలే గద, అందుకే రాలే" అంది.

పెద్దసారు నా వైపు తిరిగాడు. "మేడం, మొన్న మీరు ఆడ నిలబడి ఏం చేసిండ్రు?"

చెప్పాను. చాలా తక్కువ మాటల్లో చెప్పాను. జీవితంలో నేను క్లుప్తంగా మాట్లాడిన మొదటి సందర్భం అదే.

"ఏదీ, ఒకసారి మళ్ల చెయ్యండ్రి" అన్నాడు ఆయన.

అంతమంది మధ్యలోంచి నడుచుకుంటూ బల్ల దగ్గరికి వెళ్లాను. చెయ్యి పెట్టాను. తెర మీద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నల్లగా, వణికే వేళ్లతో ఒక రాక్షస హస్తం లేచింది. వేళ్ల సందుల్లోంచి వెలుతురు ఎర్రగా కారుతోంది. సినిమా తీసినవాళ్లు ఎంత ఖర్చుపెట్టినా అలాంటిది తీయలేకపోయేవారు. నా చేతిని చూసి నాకే దడ పుట్టింది. ముందు రింగుల పిల్ల తండ్రి నవ్వాడు. ఆపుకుందామని చూశాడు పాపం, వల్ల కాలేదు. ఇక హాలంతా నవ్వింది. భూమి చీలితే బాగుండుననుకున్నాను గానీ, ఆ ఊళ్లో భూమి అంత తేలిగ్గా చీలదు, కింద అంతా రాయే.

పిల్ల, తల్లి ఒడిలోంచి దిగి బల్ల దగ్గరికి వచ్చింది. నా మణికట్టు పట్టుకుని పక్కకు జరిపింది. తెర చూసింది. మళ్లీ లాగి పెట్టింది, చూసింది. ఆ తర్వాత నన్ను వదిలేసి తన చెయ్యి పెట్టింది. "నాది సుత వస్తుంది" అంది. అంతే, మిగతా పిల్లలంతా ఎగబడ్డారు. ఆ సినిమాను ఎవరూ పూర్తిగా చూడలేదు. తెర నిండా చేతులే, కొమ్ముల మేకలే, కుక్కమూతులే. నేను గోడకు ఆనుకుని నిలబడి, ఎవరి కళ్లలోకీ చూడకుండా కిటికీకి కట్టిన కార్పెట్ నేతను పరిశీలిస్తున్నాను. రింగుల పిల్ల తల్లి నా పక్కకు వచ్చి నిలబడింది. మొన్న ఆమెకు నేనిచ్చిన ఉపన్యాసం ఒక్కో మాటే గుర్తొచ్చి చెవులు కాలుతున్నాయి.

"మేడం," అంది ఆమె, ఇంకెవరికీ వినిపించకుండా, "మీరు దడుసుకున్నరా?"

తలూపాను.

"గట్లనే ఉంటది. పెద్దగైతే పోతది" అని నా వీపు మీద చెయ్యి వేసి రాసింది. ఆమెకు నా వయసే ఉంటుంది, మహా అయితే ఒకటి రెండేళ్లు ఎక్కువ.

సోమవారం నుంచి పిల్ల బడికి వచ్చింది. నా ఉద్యోగమూ ఉంది. ఆ తర్వాత బడిలో ఏ సినిమా చూపించినా పెద్దసారు నన్ను అభిప్రాయం అడగలేదు.

ఇప్పుడు నాకు తొమ్మిదేళ్ల కూతురుంది. ఇంట్లో ఏ సినిమా చూడాలన్నా తనదే పెత్తనం. పోయిన నెలలో నేను పనులన్నీ ముగించుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని తన పక్కన సోఫాలో కూర్చోబోతే, రిమోట్ పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "ఇది అంతరిక్షం సిన్మా అమ్మా. నీకు పడదు. రాత్రి దడుసుకుని ఊకె నన్ను లేపుతవు" అంది. ఏ ఆధారంతో తేల్చావని అడగబోయాను. ఆ ముఖంలో ఉన్న ధీమా చూసి ఆగిపోయాను. అది ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు. రైలు పెట్టెలో నిలబడి లోకానికి పిల్లల్ని పెంచడం నేర్పిన ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయి ఇప్పుడు ఎదురుపడితే గట్టిగా నాలుగు తిట్టాలని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ రోజెందుకో తిట్టాలనిపించలేదు. పక్కన కూర్చుని, భయం వేస్తే నా చెయ్యి పట్టుకోమని చెప్పాలనిపించింది. కూతురికి ఎదురు చెప్పకుండా లేచి వంటింట్లోకి వెళ్లి, తలుపు మాత్రం కొంచెం తెరిచి ఉంచుకున్నాను.