చెట్టు నంబరు అదే

మేడం రిటైరయ్యే ఏడాది నాకొక తలనొప్పి అప్పగించారు. మా మామిడి పరిశోధనా స్థానంలో ఆవిడ పెద్ద శాస్త్రవేత్త, నేను అసిస్టెంటుని. ఏ చెట్టు ఎప్పుడు పూసింది, ఎన్ని కాసింది, కాయ ఎంత తూగింది అని ఉద్యోగమంతా రైతుల తోటలు తిరిగి ఆవిడ కూడబెట్టిన డేటాని, ఎక్కడివాళ్లయినా ఎప్పటికైనా వాడుకునేలా సర్ది ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఎక్సెల్ ఫైలు తెరిచాను. అంకెలు ముచ్చటగా ఉన్నాయి. 'వివరణ' అన్న చోట మాత్రం పైనుంచి కిందిదాకా ఒకటే మాట: 'నన్ను అడగండి'. పక్కన ఆవిడ ఫోన్ నంబరు.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ ఫోను మోగని పూటే ఉండదు. ఫలానా చెట్టు సంగతేంటని ఎవరో ఒకరు అడుగుతారు, ఆవిడ కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెబుతూనే ఉంటారు.

"మేడం, మన మనవల కాలంలో ఎవరైనా ఈ ఫైలు తెరిస్తే ఎవర్ని అడగాలండీ?" అన్నాను.

"అప్పుడే నన్ను చంపేస్తున్నావేంటే!" అని నవ్వారు. నవ్వారే గాని, ఆ పూటంతా నా టేబుల్ వైపు రాలేదు.

రెడ్డిగూడెం తోటలోని ఒక చెట్టు దగ్గర నా పని ఆగిపోయింది. అది చిన్నరసం. బాగా కాసే చెట్టు కాస్తా కొన్నేళ్లు కాపు మానేసింది. ఆ తర్వాత కాయ బరువు ఒక్కసారిగా రెట్టింపు దాటింది. అంకె తప్పు పడిందా అని అడిగితే, 'చూపిస్తా పద' అని మేడం మోకాలికి పట్టీ బిగించుకుని నా స్కూటీ ఎక్కారు.

తోట రైతు ఎదురొచ్చాడు. చెట్టు మొదలు మీద తెల్లరంగుతో మేం వేసిన చెట్టు నంబరు నిగనిగలాడుతోంది. పైన వేలాడుతున్నవి మాత్రం బంగినపల్లి కాయలు.

"రసాలకి బేరాలు రావట్లేదండీ. కొమ్మలు కొట్టించి, వచ్చిన చిగుళ్లకి బంగినపల్లి అంటు కట్టించేశాం. మీ నంబరు మాత్రం పోనివ్వలేదండీ. ఏటా నేనే రంగు దిద్దుతున్నా," అన్నాడు సంబరంగా.

పాపం, ఏమంటాం? ఇక్కడ అందరూ చేసేదే. నంబరు అదే, కాయ వేరు. ఏ చెట్టు ఎప్పుడు మారిందో మేడం తలలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆవిడ లేనినాడు ఈ ఫైలు చూసినవాళ్లు, ఎండలు ముదిరి మామిడి తీరే మారిపోయిందని తేల్చేస్తారు. ఆవిడ కష్టమంతా బూడిదలో పోసినట్టే.

మేడం ఆ చెట్టును నిమురుతూ నిలబడ్డారు.

"ఇవన్నీ రాసిచ్చేస్తే ఇక నాతో పనేముంటుందే?"

ఆ ఫోన్ నంబరు ఎందుకో అప్పుడర్థమైంది. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు, ఆవిడ మీద జాలేసింది. బండి స్టార్ట్ చేశాను. సగం దారిలో వెనకనుంచి గొంతు వినిపించింది.

"రాసుకో. ముసునూరు తోటలో గట్టు పక్కది..."

"మేడం, బండి నడుపుతున్నానండీ!"

ఆ వేసవంతా ఆవిడ చెప్పారు, నేను ఫైల్లోకి ఎక్కించాను. 'నన్ను అడగండి' అన్న చోటల్లా జవాబు చేరింది. చివరికి ఫోన్ నంబరు తీసేస్తుంటే ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

మేడం ఇప్పుడు మైలవరంలో ఉంటున్నారు. మొన్న వెళ్లి శుభవార్త చెప్పాను. మేమెవ్వరమూ ఎరగని వేరే రాష్ట్రం కుర్రాడొకడు ఆవిడ డేటా అంతా వాడుకుని మామిడి పూత మీద వ్యాసం రాశాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఆ రెడ్డిగూడెం చెట్టు దగ్గర తికమక పడుంటాడు."

"లేదండీ. అంటు మారిన ఏడాదితో సహా సరిగ్గా రాశాడు."

"ఒక్క డౌటు కూడా రాలేదా?"

"రాలేదండీ."

ఆవిడ పక్కనున్న ఫోను వైపు ఒకసారి చూశారు. "మంచిదేలే," అని కప్పు అందుకున్నారు. ఇన్నేళ్లలో ఆవిడ కాఫీ వేడిగా తాగడం నేను చూసింది ఆ రోజే.