అందింది

కరీంనగర్ కాలేజీలో మాకు కంప్యూటర్లు నేర్పిన మేడం, ఎవరేం చెప్పినా "అందింది" అనేవారు. ఒకే లెక్కను రెండు కంప్యూటర్లకు పంచి, వైరు మీద మాట్లాడించి చేయించాలని ఆమె పంతం. ప్రోగ్రాం చెరిసగం నేనూ నా దోస్తూ రాశాం. ఎన్నిసార్లు నడిపినా రెండూ మూగపోయేవి. శనివారంలోగా లెక్క తేలకపోతే యంత్రాలను ఆఫీసుకు ఇచ్చేస్తానన్నారు ప్రిన్సిపాల్.

"అందింది" అని, మేడం మా కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు.

"ఇద్దరు గూడ 'అవతలిది పలికేదాక ఆగు' అనే రాసిండ్రు. మీరిద్దరు మాట్లాడుకుంటలేరా?"

వారం రోజులుగా లేదు. యంత్రాలను మాట్లాడించబోతూ మేమే మాటలు మానుకున్నాం.

"జర ఒకరు ముందు పలకాలె" అన్నారు.

శుక్రవారం లెక్క తేలింది. పరుగున వెళ్లి చెప్పాను.

మేడం తొలిసారి "అందింది" అనలేదు. "ముందు ఎవరు పలికిండ్రు?" అన్నారు.

"కంప్యూటర్లలోనా, మేడం?" అని తప్పించుకోబోయాను. మా ఇద్దరిలో ముందు పలికింది వాడే మరి.