పరిగెత్తొద్దన్న గుండె

తొమ్మిదో ఏట నాకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం సంగతి అంతగా గుర్తు లేదు గానీ కీళ్ళనొప్పులు మాత్రం మర్చిపోలేదు. ఇవాళ మోకాలు వాస్తే రేపు అది తగ్గి మోచెయ్యి వాచేది. దుప్పటి అంచు తగిలినా ఏడ్చేదాన్ని.

మా ఇంటికి వచ్చే డాక్టరుగారు పెద్దాయన. నా ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. తర్వాత నాన్నని వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది నాకు లోపలికి వినబడింది.

"గుండెలో చప్పుడు ఉంది. ఈ జ్వరం వచ్చిన పిల్లలకి గుండె దెబ్బతింటుంది. పరుగులూ గెంతులూ వద్దు. మెట్లు కూడా ఎక్కనివ్వకండి."

జ్వరం తగ్గింది, వాపులు పోయాయి. ఆ మాట మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. ఆయన్ని తప్పుపట్టను. అలాంటి జ్వరం తర్వాత పిల్లలు పోవడం ఆయన కళ్ళారా చూసినవారు.

అప్పట్లో మేం రాయపూర్‌లో రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. అప్పటికి మా రాష్ట్రానికి రాజధాని నాగ్‌పూర్. నాన్న గూడ్సు గార్డు. విజయనగరం లైను మీద బండితో వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తారో ఆయనకే తెలిసేది కాదు. మా వరసలో సగం ఇళ్ళు బొబ్బిలి, పార్వతీపురం వైపు వాళ్ళవి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, పాలమనిషితో ఛత్తీస్‌గఢీ. "అమ్మా, నల్లా బంద్ అయిపోయిందే" అని కుళాయి ఆగినప్పుడు అరిస్తే అది మాకు చక్కటి తెలుగే. సెలవులకి విజయనగరం వెళ్ళినప్పుడు మా మాట విని పిన్నులు నవ్వేవాళ్ళు.

సాయంత్రమయ్యేసరికి క్వార్టర్ల వెనక మైదానం పిల్లలతో నిండిపోయేది. నాకు వరండాలో నవారు మంచం. దాని మీద కూర్చుని ఎవరు ఎవర్ని ముట్టుకున్నారో, ఎవరు దొంగాట ఆడారో అన్నీ చూసేదాన్ని. బడిలో డ్రిల్లు పీరియడ్ వస్తే టీచరమ్మ నన్ను మెట్ల దగ్గర కూర్చోమనేది. ఆడపిల్లలందరూ చెప్పులు నా ముందు విడిచి పరిగెత్తేవాళ్ళు. ఎవరి చెప్పు ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. అన్నిటికంటే అరిగిన జత, మా స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కూతురిది. ఛత్తీస్‌గఢ్ పిల్ల, నా ఈడుదే. బడిలో ఆ పిల్లని పరుగులో పట్టుకున్నవాళ్ళు లేరు. ఆట అవగానే నా పక్కన కూలబడి, ఎవరెలా ఓడారో చేతులు తిప్పుతూ చెప్పేది, నేను చూడనట్టు. నేనూ చూడనట్టే వినేదాన్ని.

అలా కూర్చుని కూర్చుని నిజంగానే నీరసపడిపోయాను. స్టేషన్లో వంతెన సగం ఎక్కేసరికి ఆయాసం వచ్చేది. గుండె దడదడలాడేది. "చూశారా, డాక్టరుగారు చెప్పింది నిజమే" అని అమ్మ నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి కొంగుతో విసిరేది. వచ్చే పోయే వాళ్ళు జాలిగా చూసేవాళ్ళు. నేను ఎక్కువ రోజులు బతకనని నాకు నేనే అనుకునేదాన్ని. విచిత్రమేమిటంటే అందుకు పెద్దగా ఏడుపు వచ్చేది కాదు. చచ్చిపోయేలోపు ఒక్కసారి తొక్కుడుబిళ్ళ ఆడాలని మాత్రం ఉండేది.

నాకు పధ్నాలుగో ఏడు వచ్చాక అమ్మకి మళ్ళీ నెల తప్పింది. ఊళ్ళోకి కొత్తగా ఒక లేడీ డాక్టరు వచ్చారు, మరాఠీ ఆవిడ. అమ్మకి తోడుగా నేనూ, రిక్షా మాట్లాడి నాన్నా వెళ్ళాం. అమ్మని చూడటం అయ్యాక ఆవిడ కళ్ళజోడు పైకి జరిపి నన్ను చూశారు.

"ఈ అమ్మాయికేమైంది? ముసలివాళ్ళలా గోడ పట్టుకుని నడుస్తోందేం?" అని హిందీలో అడిగారు.

"దిల్ కీ బీమారీ," అంది అమ్మ, గుండెజబ్బు అని. ఎన్నిసార్లో చెప్పి చెప్పి ఆ మాట అమ్మకి తడుముకోకుండా వచ్చేది.

ఆవిడ నన్ను పడుకోబెట్టి విన్నారు. లేపి కూర్చోబెట్టి విన్నారు. ఊపిరి బిగపట్టమని విన్నారు. తర్వాత, "ఒంటికాలి మీద గెంతు" అన్నారు.

అమ్మ గబుక్కున లేచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా! పిల్ల పడిపోద్ది!"

"నేనిక్కడే ఉన్నాను కదా."

గెంతాను. ఐదేళ్ళలో అదే మొదలు. గాజుబీరువా అద్దాలు గలగలమన్నాయి. నాకు నవ్వొచ్చింది, ఆయాసమూ వచ్చింది. ఆవిడ మళ్ళీ గొట్టం పెట్టి విన్నారు. ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నారు. అది చూశాక నాన్నని కూడా లోపలికి పిలిచారు.

"చప్పుడు ఉన్న మాట నిజమే. కానీ అది జబ్బు చప్పుడు కాదు. ఏ రోగమూ లేని పిల్లల్లో కూడా ఎందరికో ఇలా వినిపిస్తుంది. మీ అమ్మాయి గుండె బాగానే ఉంది."

నాన్న నమ్మలేదు. "మరి నాలుగు మెట్లెక్కితే ఆ ఆయాసం ఎందుకమ్మా?"

"కూర్చోబెట్టారు గనక. చెయ్యి కట్టేసి ఏళ్ళ తరబడి ఉంచితే సన్నబడిపోదా? గుండె కూడా కండే. పని చెప్తే బలపడుతుంది. బాగా ఆడే పిల్లల గుండె ఒక్క దెబ్బకే ఎక్కువ రక్తం తోస్తుంది, అందుకని ఊరికే ఉన్నప్పుడు నింపాదిగా కొట్టుకుంటుంది. రక్తం పోయే నాళాలూ బిరుసెక్కకుండా సాగుతూ ఉంటాయి. ఇదంతా ఈ వయసులో మొదలుపెడితే ముందు ముందు పనికొస్తుంది." అని, వేలు చూపిస్తూ మళ్ళీ అన్నారు. "రేపే పరుగు పందెం పెట్టకండి. ముందు నడక, ఆ తర్వాత ఆట. కీళ్ళు మళ్ళీ వాచినా, జ్వరం వచ్చినా, గొంతు నొప్పెట్టినా ఆ రోజే నా దగ్గరికి తీసుకురండి."

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో అమ్మ ఒకటే అంది. "ఆవిడకేటి, చెప్పి ఊరుకుంటాది. పిల్ల మనది."

మర్నాడు పొద్దున్న నాన్నకి డ్యూటీ లేదు. "తల్లీ, చెప్పులేసుకో" అన్నారు.

మొదట్లో స్టేషను దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. నెమ్మదిగా దూరం పెంచుకుంటూ పోయి, వానలు తగ్గేసరికి తెలీబంధా చెరువు దాకా నడిచేవాళ్ళం. అప్పటికి ఊరు అక్కడిదాకా రాలేదు. గట్టు మీద చాకళ్ళ బట్టలు, నీళ్ళలో గేదెలు, అంతే. గట్టు ఎక్కాక నాన్న గార్డు గడియారం తీసి, డాక్టరమ్మ నేర్పినట్టు నా మణికట్టు పట్టుకుని పెదాలు కదుపుతూ లెక్కపెట్టేవారు. ఒకరోజు చూస్తే నాకంటే ఆయనే ఎక్కువ రొప్పుతున్నారు.

"నాన్నా, మీకూ గుండెజబ్బా?"

"కాదమ్మా. బండి చివర బ్రేక్‌వాన్‌లో కూర్చుని కూర్చుని ఇలా తయారయ్యాను," అని నవ్వారు. ఆ తర్వాత గడియారం నా చేతికిచ్చి తన మణికట్టు కూడా చాపేవారు. ఆయన చుట్ట మానింది కూడా ఆ చలికాలంలోనే. నన్ను చూసి మానారో, గట్టు చూసి మానారో తెలీదు.

నడకకి అమ్మ ఒప్పుకుంది గానీ ఆటకి ఒప్పుకోలేదు. తమ్ముడు పుట్టి, అమ్మ పురుటి మంచం మీద ఉన్న రోజుల్లో నాన్నే "పోయి ఆడుకో" అన్నారు. మైదానంలోకి దిగాను. పాయింట్స్‌మన్ కూతురు మట్టిలో బొగ్గుతో గళ్ళు గీసింది. మేం తొక్కుడుబిళ్ళ అనేదాన్ని వాళ్ళు బిల్లస్ అంటారు. మొదటి వరస దాటాను. రెండో వరస కూడా దాటాను. మూడోదానికి గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే చెవుల్లో వినిపించింది. కళ్ళు చీకట్లు కమ్మలేదు గానీ భయంతో అక్కడే కూర్చుండిపోయాను. అయిపోయింది, ఇక ఇంతే అనుకున్నాను.

"కా హోగే నోనీ?" అంది ఆ పిల్ల పక్కన చతికిలబడి. ఏమైందే పిల్లా అని.

"గుండె... చూడు ఎలా కొట్టుకుంటోందో."

ఆ పిల్ల నా ఛాతీ మీద చెయ్యి పెట్టలేదు. నా చెయ్యి లాక్కుని తన ఛాతీ మీద పెట్టుకుంది. ధన్, ధన్, ధన్. నాకెలా కొట్టుకుంటోందో దానికీ అలాగే.

నేను నోరు తెరుచుకుని దాని మొహం చూశాను. ఎగిరితే గుండె కొట్టుకోవడం జబ్బు మనుషులకే అనుకున్నాను అన్నేళ్ళూ. బడిలో అందరికంటే జోరుగా పరిగెత్తే పిల్లకి కూడా అలాగే కొట్టుకుంటుందని ఎవరు చెప్పారు నాకు? అది తన చెమట నా చేతికంటిందని నా గౌనుకి తుడిచి, "లే, నీ వంతు" అంది.

ఆ సాయంత్రాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ బొగ్గుల ఇంజను వాసన వస్తుంది. ఎండిన గడ్డి, ఎవరింట్లోనో వేయించే ఎండు రొయ్యలు, దూరంగా పెట్టెలు కలిపే షంటింగు చప్పుడు. గెంతడమంటే ఏమిటో మర్చిపోయి పెరిగినవాళ్ళకి మాత్రమే అర్థమయ్యే సంతోషం అది.

తొక్కుడుబిళ్ళ నుంచి రింగు ఆటకి వచ్చాను. రెండు గుంజల మధ్య తాడు కట్టి, రబ్బరు రింగు ఇటు నుంచి అటు విసురుకోవడం. పరుగు, వంగడం, ఎగరడం అన్నీ అందులోనే. రింగు కింద పడకూడదన్న పట్టుదలలో ఆయాసం గుర్తుండేది కాదు.

ఒకరోజు ఆటలో ఉండగా అందరూ ఆగిపోయారు. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ. చంకలో తమ్ముడు. మైదానంలోకి అమ్మ రావడం అదే మొదటిసారి. తిడుతుందనుకున్నాను.

"ఆడు," అంది. "నే సూత్తాను."

గుంజ పక్కన నేల మీద కూర్చుంది. తమ్ముడు ఏడుస్తున్నా అమ్మ కళ్ళు నా మీదే. రెండు రింగులు వదిలేశాను. తర్వాత అమ్మ ఉన్న సంగతి మర్చిపోయి ఆడాను. ఆట అవగానే అమ్మ రమ్మని సైగ చేసి, జడ పక్కకి తప్పించి నా వీపు మీద అరచెయ్యి ఆనించింది. నా గుండె చప్పుడు ఆమె చేతికి తెలుస్తూనే ఉంది. మొదట జోరుగా, తర్వాత కాస్త తగ్గి, ఆ తర్వాత మామూలుగా. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు అమ్మ.

"దానంతటదే నెమ్మదించిందే!" అంది, ఎవరితోనో చెప్తున్నట్టు. డాక్టరమ్మ చెప్పిందంతా ఒక ఎత్తు, ఆ చేతికి తెలిసింది ఒక ఎత్తు.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆవిడ నా నాడి చూసి నాన్న వైపు తిరిగారు. వెనకటికంటే నెమ్మదిగా, నిండుగా కొట్టుకుంటోందన్నారు. వెనకటి చప్పుడు అలాగే ఉందనీ, దాని దారిన దాన్ని ఉండనివ్వమనీ చెప్పారు. అమ్మ ఆవిడకి ఇంట్లో చేసిన అరిసెలు ఇచ్చింది.

బడి తరఫున రింగు ఆటకి వెళ్ళి మొదటి ఆటలోనే ఓడిపోయాను. ఇంటికొచ్చి ఏడుస్తుంటే, "ఓడితే ఓడావు, స్టేషన్లో వంతెన ఎక్కి దిగి వచ్చావా లేదా?" అంది అమ్మ. నిజమే, ఎక్కి దిగాను. గుర్తే లేదు.

ఆ తర్వాత అమ్మలో ఒక మార్పొచ్చింది. సాయంత్రం అరుగుల మీద కూర్చున్న ఆడపిల్లలు కనిపిస్తే ఊరుకునేది కాదు. "ఏటే అలా మూలకి కూకున్నారు? పొండి, ఆడుకోండి!" అని తరిమేది. పెళ్ళీడు పిల్లలు గెంతడమేమిటని ఎవరైనా అంటే, "పెళ్ళయినాక పిల్లల్ని ఎత్తుకోవద్దా? బలం ఎక్కణ్ణుంచి వస్తాది?" అని ఎదురడిగేది.

పాయింట్స్‌మన్ కూతురికి తొందరగానే పెళ్ళి చేశారు. ఊరి పక్కనున్న బీర్‌గావ్ అప్పట్లో ఉత్త పల్లె, అక్కడికి ఇచ్చారు. ఆ తర్వాత మైదానంలో నాకు జోడీ కుదరలేదు. ఎవరితో ఆడినా దాని అరుపు లేని లోటు తెలిసేది. కొన్నాళ్ళకి నాన్నకి బదిలీ అయింది, విజయనగరం. సామాను మూటలు కడుతుండగా సంగతి ఎలా తెలిసిందో అది పుట్టింటికి వచ్చింది. నెత్తిన ముసుగు, చేతుల నిండా గాజులు. అమ్మ పెట్టిన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "రింగు సామాన్లో పెట్టేశావా?" అని అడిగింది.

మూట విప్పి తీశాను. వాళ్ళ నాన్న చూడకుండా ఇంటి వెనక్కి వెళ్ళాం. అది ముసుగు తీసి నడుముకి బిగించింది. తాడు లేదు, గుంజలు లేవు, రెండు ఇటుకల మధ్య గీత గీసుకున్నాం. పొద్దు వాలేదాకా ఆడాం. గాజులు రెండు పగిలాయి, అత్తగారికి ఏం చెప్పాలో అది అప్పుడే ఆలోచించుకుంది. చివరికి ఇద్దరం గోడకి చేరగిలబడి, మాట్లాడటానికి ఊపిరి చాలక ఊరికే నవ్వుకున్నాం.

అదే గెలిచింది.